బంతి తేలాలంటే

మధ్యాహ్నం పన్నెండు కావస్తోందనగా హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా ఒకచోటికి చేరతారు. అప్పటిదాకా దంతపు బొమ్మల దగ్గరో, ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గరో ఆగినవాళ్లు కూడా పిల్లల చేయి పట్టుకుని సంగీత గడియారం ముందుకు వస్తారు. అందులో ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణం సుత్తితో కొడుతూనే ఉంటుంది. వేళ కాగానే గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికి వచ్చి, గంట మీద పన్నెండు దెబ్బలు కొట్టి, లోపలికి వెళ్లిపోతుంది. 1951లో నెహ్రూ చేతుల మీదుగా మొదలైన ఆ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. ఒకప్పుడు తాతలు మెడ సాచి చూసిన గడియారాన్నే ఇవాళ మనవలు చూస్తున్నారు. అంత పాత యంత్రం ఇంకా మోగుతోందంటే దాని చక్రాలు తుడిచే చేయి, తాళం తిప్పే చేయి తరతరాలుగా ఆగలేదన్నమాట. చప్పట్లు కొట్టే పిల్లలకు ఆ చేతుల సంగతి తెలియదు.

సైన్స్ మ్యూజియాలకు అలాంటి చేతుల అవసరం ఇంకా ఎక్కువ. కళాఖండమైతే అద్దం వెనక పెట్టి ముట్టుకోవద్దని రాయవచ్చు. సైన్స్ సెంటర్ అలా కాదు. తిప్పండి, నొక్కండి, లాగి చూడండి అని పిల్లల్ని పిలిచే చోటు అది. పిలిచారు కాబట్టి వాళ్లు వస్తారు. రోజుకు కొన్ని వందల చేతులు ఒకే మీట మీద పడతాయి. మీట వదులవుతుంది, తీగ తెగుతుంది, బేరింగు అరుగుతుంది. దీన్ని పిల్లల అల్లరి అనడం సరికాదు. ఆ స్థలం బతికి ఉందనడానికి అదే గుర్తు. ఏదీ పాడవని సైన్స్ సెంటర్ ఎక్కడైనా ఉంటే అక్కడికి పిల్లలు వెళ్లడం లేదనే అనుకోవాలి. పాడైంది ఎన్ని రోజుల్లో బాగవుతోంది? ఒక సైన్స్ సెంటర్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. మనం చాలా అరుదుగా అడిగే ప్రశ్న కూడా ఇదే.

దాదాపు ప్రతి దేశంలోని సైన్స్ సెంటర్లలోనూ కనిపించే పరికరం ఒకటుంది. కింద బ్లోయరు, పైకి చిమ్మే గాలి, ఆ గాలిలో తేలే బంతి. గాలిధారను కాస్త పక్కకు వంచినా బంతి కింద పడదు. వేళ్లతో బయటికి లాగబోతే మళ్లీ ధారలోకే జారుకుంటుంది. కంటికి కనిపించని ఆ లాగుడు చేతికి తెలుస్తుంది. పీడనం అనే మాటను ఏడో తరగతి పుస్తకంలో పదిసార్లు చదివినా అందనిది ఆ ఒక్క క్షణంలో అందుతుంది. బంతి పోతే చిల్లర ఖర్చు కింద కొనవచ్చు, పోయిందని ఎవరైనా గమనిస్తే. బ్లోయరు మోటారు కాలితేనే కష్టం. ఫైలు కదలాలి, కొటేషన్లు రావాలి, ఆ పద్దులో డబ్బు మిగిలి ఉండాలి, సంతకం చేయాల్సిన అధికారి అందుబాటులో ఉండాలి. మోటారు విదేశీ కంపెనీదైతే విడిభాగం ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈ లోపు దాని మీద 'పనిచేయుట లేదు' అన్న కాగితం వెలుస్తుంది. వారం అనుకున్నది ఏడాది అవుతుంది.

ఆ ఏడాదిలో వచ్చిపోయే పిల్లల గురించి ఆలోచించాలి. వాళ్లలో చాలామందికి అది జీవితంలో మొదటిసారి, బహుశా ఒకేసారి చూసే సైన్స్ సెంటర్. తెల్లవారుజామున లేచి, డబ్బాలో పులిహోర కట్టించుకుని, బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడుకుని వచ్చినవాళ్లు. మొదటి బటన్ నొక్కితే ఏమీ జరగదు. రెండోదీ అంతే. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చేయి చాచడం మానేస్తారు. నొక్కితే ఏదో ఒకటి జరుగుతుంది, ఎందుకు జరిగిందో కనుక్కోవచ్చు అనే నమ్మకమే సైన్స్‌కు పునాది. ఆ నమ్మకం ఆ హాలులోనే సడలితే గోడ మీద ఎంత గొప్ప శాస్త్రవేత్తల చిత్రపటాలు ఉన్నా ఉపయోగం లేదు.

మన దేశంలో ఈ ప్రయత్నానికి మంచి చరిత్ర ఉంది. 1959లో కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం మొదలైంది. 1965లో బెంగళూరులో విశ్వేశ్వరయ్య పేరిట మరొకటి వచ్చింది. అదే ఏడాది కలకత్తా మ్యూజియంవాళ్లు బస్సులో పరికరాలు పెట్టుకుని పల్లెలకు బయలుదేరారు. మ్యూజియానికి రాలేనివాళ్ల దగ్గరికి మ్యూజియమే వెళ్లాలన్న ఆ ఆలోచన ఇప్పటికీ దేశమంతా చక్రాల మీద తిరుగుతోంది. 1978లో వీటన్నింటినీ చూసుకోవడానికి జాతీయ సైన్స్ మ్యూజియాల మండలి ఏర్పడింది. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియాన్ని 1985లో ఎన్టీ రామారావు ప్రారంభించారు. తిరుపతి ప్రాంతీయ సైన్స్ సెంటర్ 1993లో వచ్చింది. కొండకు వెళ్లివచ్చిన కుటుంబాలు రైలు వేళ దాకా పిల్లలతో గడపడానికి అంతకంటే మంచి చోటు లేదు. తర్వాతి కాలంలో జాతీయ మండలి కేంద్రాలను కట్టి రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించే పద్ధతి కూడా వచ్చింది. కట్టడం ఒకరి వంతు, నడపడం మరొకరి వంతు అయింది.

పెళ్లికి ఊరంతా వస్తుంది, కాపురం ఇద్దరే చేసుకోవాలి. ప్రారంభోత్సవానికి మంత్రులు, కెమెరాలు, పూలదండలు ఉంటాయి. మర్నాటి నుంచి కరెంటు బిల్లు, ఏసీ మరమ్మతు, పైకప్పు లీకేజీ, టికెట్ కౌంటర్‌లో మనిషి, మరుగుదొడ్లలో నీళ్లు, ఇవన్నీ మిగులుతాయి. నిర్మాణానికి ఒకేసారి వచ్చే డబ్బు వేరు, ఏటేటా నిర్వహణకు కావాల్సిన డబ్బు వేరు. రెండోది ప్రతి బడ్జెట్‌లోనూ మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. జీతాలు, కరెంటు పోగా మిగిలేదాంట్లోంచే మోటార్లు, బంతులు, బల్బులు కొనాలి. అందుకే కోత పడితే మొదట ఆగేది పరికరాల మరమ్మతే.

ఇది బీద దేశాల సమస్య మాత్రమే అనుకోవడానికి లేదు. టొరంటోలోని ఒంటారియో సైన్స్ సెంటర్ 1969లో తెరుచుకుని, ముట్టుకుని నేర్చుకునే మ్యూజియాలకు ప్రపంచమంతటా దారి చూపింది. పైకప్పులోని తేలిక కాంక్రీటు పలకలు ప్రమాదకరంగా మారాయని ఇంజినీర్లు నివేదిక ఇవ్వడంతో 2024 జూన్ 21న అక్కడి ప్రభుత్వం దాన్ని ఉన్నపళంగా మూసేసింది. మన ఢిల్లీలో జాతీయ ప్రకృతి శాస్త్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున మంటల్లో కాలిపోయింది. 1978 నుంచి తరాల పిల్లలు చూసిన జంతువులు, పక్షులు, సీతాకోకచిలుకలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. మ్యూజియం నడపడమంటే లోపలి వస్తువులతో పాటు గోడలనూ, తీగలనూ, నీటి గొట్టాలనూ రోజూ కనిపెట్టుకుని ఉండడం.

ఈ విషయంలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్‌ను తలుచుకోవాలి. అణుబాంబు ప్రాజెక్టును నడిపించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు, తానూ భౌతిక శాస్త్రవేత్తే. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగిన రోజుల్లో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకుని, కొలరాడోలో పశువులను మేపుకుంటూ కొన్నేళ్లు బతికారు. తర్వాత అక్కడి చిన్న ఊరి హైస్కూల్లో సైన్స్ చెప్పారు. ఇంజిన్లు విప్పి, పాత సామాను పోగేసి పిల్లలకు పాఠం చెప్పిన ఆ అనుభవమే ఆయన్ను మార్చిందని అనిపిస్తుంది. యూరప్‌లో మ్యూనిక్, లండన్, పారిస్ మ్యూజియాలు చూసి వచ్చి 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచారు. అక్కడ ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పది వర్క్‌షాపును దాచకపోవడం. వెల్డింగు మెరుపులు, రంపం చప్పుడు, కాలిన ఇనుము వాసన, అన్నీ వచ్చినవాళ్లకు కనబడేలా, వినబడేలా పెట్టారు. పరికరం పాడైతే అది చాటున జరిగిన అవమానం కాలేదక్కడ. ఎలా విప్పుతున్నారో, ఎక్కడ తెగిందో, ఎలా అతికిస్తున్నారో పిల్లలు నిలబడి చూశారు. మరమ్మతు కూడా ఒక ప్రదర్శనే అయింది.

ఆయన బృందం మరో మంచి పని చేసింది. తమ పరికరాలను ఎలా తయారు చేసుకోవాలో కొలతలతో సహా 'కుక్‌బుక్' పేరుతో మూడు సంపుటాలుగా అచ్చువేసి అందరికీ ఇచ్చింది. మా సొంతం, మేమే అమ్ముతాం అనలేదు. ఎవరి ఊళ్లో దొరికే కర్రతో, ఇనుముతో వాళ్లు చేసుకోవచ్చు. కొత్త పరికరాన్ని ముందు అట్టముక్కలతో, టేపుతో తయారుచేసి హాలులో పెట్టి, జనం దానితో ఏం చేస్తున్నారో చూసి, మార్చి, మళ్లీ చూసి, ఆ తర్వాతే గట్టిగా కట్టే అలవాటు కూడా అక్కడిదే. మనకు ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సీలు వేసిన పెట్టెలో వచ్చి, పాడైతే తెరవడం కూడా కుదరని ఖరీదైన టచ్‌స్క్రీన్ కంటే మన ఊరి వడ్రంగి, మన ఆటోనగర్ లేతు మిషన్ మనిషి బాగుచేయగల పరికరం మేలు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లకు పునర్జన్మ ఇచ్చే చేతులు సైన్స్ సెంటర్ మెట్లు ఎక్కకపోవడం మన దురదృష్టం.

యంత్రాల తర్వాత మనుషులు. నిజానికి మనుషులే ముందు. విశాఖ రామకృష్ణ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకున్న ఆ సోవియట్ నౌకను ఒడ్డుకు చేర్చి 2002లో మ్యూజియంగా మార్చారు. ఉప్పుగాలి దాని ఇనుమును రోజూ తింటూనే ఉంటుంది, తుప్పు పట్టిన రేకులు మారుస్తూనే ఉండాలి. అయినా ఆ మ్యూజియం జనం మనసులో నిలవడానికి కారణం ఆ ఇనుము ఒక్కటే కాదు. అందులో గైడ్లుగా ఉన్నవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఇక్కడ పడుకునేవాళ్లం, ఇక్కడ టార్పెడోలు ఎక్కించేవాళ్లం అని చెప్పేటప్పుడు ఆ గొంతులో ఉండే నిజం ఏ ఆడియో గైడుకూ రాదు. ఇరుకు దారిలో తల వంచుకుని నడుస్తున్న పిల్లాడు ఆగి, ఇంతమందికి గాలి ఎలా సరిపోయేది తాతగారూ అని అడుగుతాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే మ్యూజియం తన పని చేసినట్టే.

మన సైన్స్ సెంటర్లలో వివరించి చెప్పే ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కువగా డిగ్రీ చదివిన యువతీయువకులు, చాలాచోట్ల కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. రోజంతా నిలబడి, ఒకే మాటను ఇరవై గుంపులకు ఇరవైసార్లు చెప్పాలి. ఇరవయ్యోసారి కూడా ఆ పిల్లలకు అది మొదటిసారే అని గుర్తుంచుకోవాలి. ఇది చిన్న పని కాదు. వాళ్లకు ఉద్యోగ భద్రత లేకపోతే, శిక్షణ లేకపోతే, కొత్త పుస్తకమో ప్రయోగమో చూసే తీరిక లేకపోతే ఆ గొంతు త్వరలోనే ఎండిపోతుంది. 'అక్కా, ఇంకోసారి చూపించవా' అన్న పిల్లకు విసుగు లేకుండా చూపించగలగడమే సైన్స్ సెంటర్ అసలు ఆస్తి. ఆ ఆస్తికి ఇచ్చే జీతం మనకు సిగ్గు కలిగించకుండా ఉండాలి. ఎక్స్‌ప్లొరేటోరియం మొదటి నుంచీ హైస్కూలు పిల్లలను జీతమిచ్చి ఈ పనిలో పెట్టుకుంది. మన దగ్గర కుప్పం సమీపంలో 172 ఎకరాల్లో ఆవరణ కట్టుకున్న అగస్త్య ఫౌండేషన్ 1999లో మొదలైంది. అది వ్యాన్లలో ప్రయోగశాలలను పల్లె బడులకు పంపుతోంది. అక్కడ ప్రభుత్వ బడి పిల్లలే నేర్చుకుని తోటి పిల్లలకు నేర్పుతారు. పదమూడేళ్ల పిల్ల నలుగురి ముందు కుంభాకార కటకం పట్టుకుని చెప్పడం చూస్తే ఇద్దరిలో ఎవరు ఎక్కువ నేర్చుకుంటున్నారో చెప్పడం కష్టం.

బడి నుంచి వచ్చే గుంపుల పరిస్థితి వేరే చెప్పాలి. బస్సు దిగగానే వరస, వరసలోనే హాలు, వరసలోనే బయటికి. గంటలో మొత్తం చూడాలి, ఎందుకంటే తర్వాత జూపార్కు ఉంది, చీకటి పడకముందే ఊరు చేరాలి. పిల్ల తప్పిపోతే ఎలా అన్న మాస్టారి భయం నిజమైనదే, దాన్ని తప్పుపట్టలేం. మ్యూజియాల్లో జనం తీరును గమనించిన బెవర్లీ సెరెల్ అనే పరిశోధకురాలు నూరుకు పైగా ప్రదర్శనలను పరిశీలించి, చాలావాటిలో సందర్శకులు గడిపేది 20 నిమిషాల లోపేనని తేల్చారు. కాబట్టి అన్నీ చూపించాలన్న ఆరాటం వదులుకోవడమే మంచిది. పది పరికరాల దగ్గర పిల్లలను వదిలేసి, మీకు నచ్చినదాని దగ్గరే ఉండండి అంటే చాలు. టికెట్ల లెక్క ప్రభుత్వానికి ఎలాగూ వెళుతుంది. ఒక పిల్ల ఒక పరికరం దగ్గర ఎంతసేపు నిలబడిందో కూడా ఎవరైనా రాసిపెడితే ఆ కేంద్రం ఎలా నడుస్తోందో బాగా తెలుస్తుంది.

ఇక రాతపలకలు. చాలాచోట్ల తెలుగు ఉంటుంది, కాని ఇంగ్లిషును పక్కన పెట్టుకుని చదివితే తప్ప అర్థం కాని తెలుగు. పైగా అది జవాబును ముందే చెప్పేస్తుంది. బంతి ఎందుకు పడిపోలేదో పలక మీదే రాసి ఉంటే పిల్ల ఇక బంతి వంక ఎందుకు చూస్తుంది? గాలిని వంచి చూడు, బంతి ఎటు వెళ్లింది అని రెండు వాక్యాలు రాస్తే చాలు. అవి రాయడానికి అనువాదకుడు సరిపోడు. పిల్లలతో మాట్లాడే అలవాటున్న రచయిత కావాలి. తెలుగులో అలాంటి రచయితలకు కొరత లేదు, పిలిచేవాళ్లే కావాలి.

మన నేలకు చెందిన ప్రశ్నలు కూడా కావాలి. ఫూకో లోలకాన్నే తీసుకుందాం. 1851లో పారిస్‌లో ఫూకో 67 మీటర్ల తీగకు బరువైన గుండు వేలాడదీసి భూమి తిరుగుతోందని జనానికి కళ్లారా చూపించారు. అక్కడ లోలకం ఊగే దిశ ఒక చుట్టు తిరగడానికి సుమారు 32 గంటలు పడుతుంది. ఢిల్లీ కొత్త పార్లమెంటు భవనంలో వేలాడుతున్నదానికి దాదాపు 50 గంటలు. హైదరాబాద్‌లో అయితే 80 గంటలు, తిరుపతిలో నూరు దాటుతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ తిరుగుడు నెమ్మదిస్తుంది. పారిస్ లెక్కను తెచ్చి మన గోడ మీద రాస్తే అది అబద్ధమవుతుంది. మన ఊరి లెక్క ఎంత, ఎందుకు అని అడిగితే అక్షాంశం అనే మాటకు ప్రాణం వస్తుంది.

నీడలేని రోజు మనకున్న మరో వరం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకు నీడ పడదు. కర్కాటక రేఖకు పైన ఉన్న ఢిల్లీ పిల్లలకు ఆ అదృష్టం ఎప్పటికీ లేదు. సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్న కొద్దీ ఆ రోజు తిరుపతికి ఏప్రిల్ ఆఖరి వారంలో, ఆదిలాబాద్‌కు మే మూడో వారంలో వస్తుంది. ఈ రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మధ్య దూరం నేరుగా సుమారు 670 కిలోమీటర్లు, కోణంలో తేడా 6 డిగ్రీలు. రెండు ఊళ్ల బడి పిల్లలు ఒకే రోజు మధ్యాహ్నం కర్ర నీడలు కొలిచి ఫోనులో చెప్పుకుంటే, 6 డిగ్రీలకు 670 అయితే 360 డిగ్రీలకు ఎంతో గుణించుకోవచ్చు. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్ల దరిదాపుల్లో వాళ్ల నోటుబుక్కులోనే తేలుతుంది. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసిన పని ఇదే. దీనికి కర్ర, టేపు, ఎండ చాలు. కరెంటు పోయినా ఆగదు.

గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సార్‌లో వినబడడం కూడా అలాంటిదే. ఆ చప్పట్లు రోజూ వింటున్న ఊరి సైన్స్ సెంటర్‌లో ధ్వని గురించిన గదికి గోల్కొండే మొదటి పాఠం కావాలి. ప్రాణహిత పరీవాహకంలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తొలి జురాసిక్ కాలపు రాళ్లలో ఒకే జాతికి చెందిన కనీసం 12 రాకాసిబల్లుల ఎముకలు దొరికాయి. పి.యాదగిరి 1988లో ఆ రాకాసిబల్లికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. 44 అడుగుల ఆ అస్థిపంజరం 2000 నుంచి హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. అమెరికా రాక్షసబల్లుల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పే మన పిల్లల్లో ఎంతమందికి ఈ తెలుగు నేల జంతువు తెలుసు? కనీసం మంచిర్యాల జిల్లా బడులకు ఏటా ఒక బస్సు ఈ అస్థిపంజరం దగ్గరికి ఉచితంగా రావాలి. వాళ్ల ఊరి మట్టిలో దొరికిన ఎముకల కింద వాళ్లు నిలబడాలి.

కొత్త సైన్స్ సెంటర్లు రావాలి, ప్రతి జిల్లాకూ రావాలి. అయితే వచ్చే అంచనా పత్రంలో భవనం ఖర్చు పక్కనే పదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా వేయమని ప్రజాప్రతినిధులు అడగాలి. ఇద్దరు మెకానిక్కుల పోస్టులు, ఒక లేతు మిషన్, అద్దం గోడ ఉన్న వర్క్‌షాపు, వివరించేవాళ్లకు నిలకడైన జీతం, ఫైలు నడవకుండానే మోటారు కొనడానికి వీలుగా కేంద్రం అధికారి చేతిలో కొంత సొమ్ము, ఇవి అందులో ఉండాలి. వెళ్లిన మనం కూడా ఒక పని చేయవచ్చు. సందర్శకుల పుస్తకంలో 'చాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టే చోట, ఏ పరికరం పనిచేయలేదో పేరుతో, తేదీతో రాయాలి. ఏ అక్క, ఏ అన్న ఓపికగా చెప్పారో అదీ రాయాలి. రెండు నెలల తర్వాత మరో బడి మాస్టారు పిల్లలతో వెళ్లినప్పుడు ఆ పేజీ తిప్పి, ఆ పరికరం దగ్గరికే ముందు వెళ్లి చూడవచ్చు.